ఎస్‌డీబీ అంటే నిన్నటి డిస్కే అని నమ్మొద్దు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు సర్వర్ డిస్కుల పేర్ల మీదే ఉన్నాయి, అందుకే మూడూ ఒకే చోట పెడుతున్నా. మొదటిది కాస్త పెద్దది, కానీ లైనక్స్ సర్వర్ చూసుకునేవాళ్ళు ప్రతి ఒక్కళ్ళూ చదవాల్సింది.

ప్రశ్న: అన్నా నమస్తే. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తా, కంప్యూటర్ల పనంతా నా మీదే. ఆఫీసులో ఒక లైనక్స్ సర్వర్ ఉంది, వేబ్రిడ్జ్ చీటీలు, రైతుల పేమెంట్ లెక్కలు అన్నీ దాంట్లోనే. ఓఎస్ ఎస్ఎస్‌డీ మీద, డేటాకి ఒక హార్డ్ డిస్కు, బ్యాకప్‌కి ఇంకోటి. ఏ డిస్కుని ఏ డైరెక్టరీకి తగిలించాలో (మౌంట్ చేయాలో) రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో డేటాకి ఎస్‌డీబీ1, బ్యాకప్‌కి ఎస్‌డీసీ1 అని రాసుకున్నాం, చానా రోజులు బానే ఉన్నింది. సీజన్ ముందర ఓఎస్ అప్‌గ్రేడ్ చేసినాం. మొన్న కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోయి సర్వర్ ఆగిపోయింది, మళ్ళీ ఆన్ చేస్తే ఏ ఎర్రరూ లేకుండా లేచింది, కానీ లెక్కల్లో ఆ రోజు పొద్దున్నుంచి తూకం వేసిన తోతాపురి లోడ్లు ఒక్కటీ లేవు. చూస్తే డేటా ఉండాల్సిన చోట బ్యాకప్ డిస్కు, బ్యాకప్ చోట డేటా డిస్కు మౌంట్ అయి ఉన్నాయి! రాత్రి పదకొండుకి బ్యాకప్ కాపీ చేసే ఆర్‌సింక్ నడుస్తుంది, అంతకుముందే చూసినాం కాబట్టి సరిపోయింది. ఎవరూ వైరు ముట్టుకోలా, మరి పేర్లు ఎట్ల మారినాయి? ఇంగ ఇట్ల కాకుండా ఏం చేయాల?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పదకొండు గంటల సంగతి చెప్తా, ఎందుకంటే అది చాలా పెద్ద గండం. ఆర్‌సింక్ నీ స్క్రిప్టులో డేటా నుంచి బ్యాకప్‌కి కాపీ చేస్తుంది కదా, ఇప్పుడు డేటా అన్న చోట ఉన్నది నిన్నటి బ్యాకప్. అంటే నిన్నటి ఫైళ్ళు వెళ్ళి అసలు డేటా డిస్కు మీద పడతాయి, స్క్రిప్టులో డిలీట్ ఆప్షన్ కూడా పెట్టుంటే ఈరోజు కొత్తగా పుట్టిన ఫైళ్ళన్నీ అదే తుడిచేస్తుంది, పొద్దున చూస్తే రెండు డిస్కుల్లోనూ నిన్నటి లెక్కలే ఉంటాయి. ఇంకో మాట, సర్వర్ లేచినప్పటి నుంచి మీరు కనిపెట్టేదాకా ఎవరైనా చీటీలు కొట్టుంటే అవి బ్యాకప్ డిస్కులోకి పోయుంటాయి. వాటిని ప్రింటు తీసుకుని సరైన డిస్కులో మళ్ళీ చేత్తో కొట్టించు, డేటాబేస్ ఫైళ్ళని మాత్రం ఒకదాని మీద ఒకటి కాపీ చేయొద్దు.

ఇక పేర్లు ఎందుకు మారాయంటే, ఎస్‌డీఏ ఎస్‌డీబీ ఎస్‌డీసీ అనేవి అసలు డిస్కు పేర్లే కావు, కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, ఏ డిస్కు ముందు దొరికితే దానికి ఏ, తర్వాత దొరికినదానికి బీ, అంతే. ఇరవై ఆరు అక్షరాలు అయిపోతే ఎస్‌డీఏఏ అని మళ్ళీ మొదలెడుతుంది. తిరుపతి బస్టాండులో నిన్న వరుసలో రెండోది చిత్తూరు బస్సు కదా అని ఇవాళ కూడా బోర్డు చూడకుండా రెండోదే ఎక్కేస్తే పుత్తూరులో దిగాల్సొస్తుంది, నీ ఎఫ్ఎస్‌ట్యాబ్ చేసింది అదే. మామూలు రీబూట్‌లో డిస్కులకి కరెంటు పోదు, ప్లేట్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి వరుస చాలాసార్లు అలాగే వస్తుంది. కరెంటు పూర్తిగా పోయి వస్తే ప్రతి డిస్కూ సున్నా నుంచి స్పీడు అందుకోవాలి, పాత డిస్కు రెండు సెకన్లు లేటయితే కొత్తది దాని అక్షరం తీసేసుకుంటుంది. దానికి తోడు కొత్త కెర్నళ్ళు డిస్కుల్ని ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి వెతుకుతాయి, బూట్ తొందరగా అవ్వాలని, దాంతో వరుస మారే అవకాశం ఇంకా పెరిగింది. మీరు అప్‌గ్రేడ్ చేశామన్నారు కదా, అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. మదర్‌బోర్డు పోర్టుల్లో కొన్ని, విడిగా పెట్టిన కార్డుకి కొన్ని డిస్కులు ఉంటే ఏ డ్రైవర్ ముందు లోడ్ అయితే వాటికి ముందు అక్షరాలు పోతాయి. బూట్ టైంలో పెన్ డ్రైవ్ గుచ్చి ఉన్నా చాలు.

నీకు ఎర్రర్ రాకపోవడానికి కారణం రెండూ ఒకే రకం ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్ళు సర్దే పద్ధతి) అయి ఉంటాయి, ఎస్‌డీబీ1 అని అడిగావు, ఎస్‌డీబీ1 ఉంది, మౌంట్ చేసేసింది. నా దృష్టిలో ఎర్రర్ వచ్చి ఆగిపోయే సర్వర్ కంటే ఇలా నిశ్శబ్దంగా తప్పు డిస్కుతో లేచే సర్వరే ప్రమాదం.

ఇప్పుడు చేయాల్సింది. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ని హైఫన్ ఎఫ్ ఆప్షన్‌తో కొట్టు, ప్రతి పార్టిషన్ (డిస్కులో ఒక భాగం, ఎస్‌డీబీ1లో 1 అంటే అదే) పక్కన యూయూఐడీ అని పొడుగు నంబర్ కనపడుతుంది, హైఫన్లతో కలిపి 36 అక్షరాలు. ఇది ఫైల్‌సిస్టమ్ పుట్టినప్పుడే దాని లోపల రాసి ఉంటుంది కాబట్టి ఏ పోర్టుకి మార్చినా, వేరే మెషీన్‌లో పెట్టినా మారదు, మళ్ళీ ఫార్మాట్ చేస్తేనో, మనమే కావాలని కమాండ్ ఇచ్చి మారిస్తేనో తప్ప. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ1 అన్న చోట యూయూఐడీ అని రాసి, = గుర్తు పెట్టి, ఆ నంబర్ పేస్ట్ చెయ్. చూసి టైప్ చేయొద్దు, 8కి బీకి తేడా కళ్ళకి ఆనదు. అదే ఫైల్లో రూట్ లైన్, అంటే ఓఎస్ ఉన్న పార్టిషన్ లైన్ చూడు, చాలావరకు ఇన్‌స్టాలర్ యూయూఐడీతోనే రాసి పెట్టుంటుంది, మనం చేత్తో కలిపిన లైన్లలోనే ఈ ఎస్‌డీబీలు ఉంటాయి.

చదవడానికి సులువుగా ఉండాలంటే లేబుల్ పెట్టుకోవచ్చు, ఈఎక్స్‌టీ4 రకం ఫైల్‌సిస్టమ్‌కి 16 బైట్లు, ఎక్స్ఎఫ్ఎస్ రకానికి 12 అక్షరాలు. కానీ ప్రతి డిస్కుకీ డేటా అనే లేబుల్ పెట్టే అలవాటున్న ఆఫీసుల్లో అది యూయూఐడీ అంత భద్రం కాదు. డెవ్ కింద డిస్క్ అనే డైరెక్టరీలోకి వెళ్తే బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-ఐడీ, బై-పాత్ అని ఉంటాయి, ఇవన్నీ యూడెవ్ అనే ప్రోగ్రామ్ బూట్ అయిన ప్రతిసారీ కొత్తగా కట్టే లింకులు. వీటిలో బై-ఐడీ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దాంట్లో డిస్కు మోడల్, సీరియల్ నంబర్ ఉంటాయి, ఫార్మాట్ చేసినా మారవు, పైగా ఆ సీరియలే డిస్కు స్టిక్కర్ మీద కూడా అచ్చేసి ఉంటుంది. కొత్త డిస్కు ఫార్మాట్ చేసేటప్పుడు స్టిక్కర్ నంబర్ ఒక కాగితం మీద రాసుకుని, ఆ నంబర్ ఉన్న బై-ఐడీ పేరే ఫార్మాట్ కమాండ్‌కి ఇవ్వు. ఎస్‌డీడీ అనుకుని ఎస్‌డీసీని ఫార్మాట్ చేసేసే ఘోరం దీంతో ఆగిపోతుంది. బై-పాత్ అనేది పోర్టుకి పేరు, డిస్కుకి కాదు, మూడో స్లాటులో ఏ డిస్కు ఉన్నా సరే అనుకునే చోటే అది పనికొస్తుంది.

ఫైలు మార్చాక వెంటనే రీబూట్ కొట్టొద్దు. ఫైండ్‌మౌంట్‌ని వెరిఫై ఆప్షన్‌తో నడిపితే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో తప్పులుంటే చెప్తుంది, తర్వాత మారిన ఫైలు మళ్ళీ చదవడానికి సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, డేటా వాడే ప్రోగ్రాములు ఆపి అన్‌మౌంట్ చేసి మౌంట్ హైఫన్ ఏ, అన్నీ సరిగ్గా ఎక్కాయంటేనే రీబూట్, అది కూడా లారీలు లేని టైంలో. లైను తప్పుంటే బూట్ పనులు నడిపే సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది, రూట్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు దగ్గర ఉండాలి.

బ్యాకప్ లైనుకి నోఫెయిల్ అని పెట్టు, ఆ డిస్కు చచ్చినా సర్వర్ లేస్తుంది. డేటా లైనుకి మాత్రం పెట్టొద్దు అని గట్టిగా చెప్తున్నా, చాలామంది రెండిటికీ పెట్టేస్తారు. డేటా డిస్కు రాకుండానే సర్వర్ లేస్తే ప్రోగ్రాము ఆ ఖాళీ డైరెక్టరీలోనే, అంటే ఓఎస్ ఎస్ఎస్‌డీ మీదే రాయడం మొదలుపెడుతుంది, నాలుగు రోజుల తర్వాత ఎవరో చూస్తారు. ఆఖరుగా ఆర్‌సింక్ స్క్రిప్టు మొదట్లో రెండు లైన్లు కలుపు, ఫైండ్‌మౌంట్‌తో డేటా, బ్యాకప్ రెండిటి యూయూఐడీలు అడగాలి, అవి మనం రాసుకున్నవే అయితేనే కాపీ, లేదంటే ఆగిపోయి మెయిల్ పంపాలి. నోఫెయిల్ పెట్టాక ఈ చెక్ తప్పనిసరి, లేకపోతే బ్యాకప్ డిస్కు లేని రోజు కాపీ అంతా పోయి ఎస్ఎస్‌డీని నింపేస్తుంది.

ప్రశ్న: తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. ఒక వర్చువల్ మెషీన్ డిస్కుని క్లోన్ చేసి, పాత ఫైళ్ళు తీసుకుందామని ఆ క్లోన్‌ని అదే మెషీన్‌కి రెండో డిస్కుగా తగిలించా. ఎక్స్ఎఫ్ఎస్, మౌంట్ అవ్వట్లేదు. డిస్కు పాడైందా సార్?

జవాబు: పాడవలేదండీ. క్లోన్ అంటే బిట్టుకి బిట్టు కాపీ, యూయూఐడీ కూడా అదే వచ్చేసింది, ఒకే యూయూఐడీతో రెండు ఫైల్‌సిస్టమ్‌లు మౌంట్ చేయడానికి ఎక్స్ఎఫ్ఎస్ ఒప్పుకోదు. డీమెసేజ్ కమాండ్‌తో కెర్నల్ మెసేజ్‌లు చూడండి, డూప్లికేట్ యూయూఐడీ అని రాసే ఉంటుంది. ఫైళ్ళు తీసుకుని డిస్కు తీసేసేదైతే నోయూయూఐడీ ఆప్షన్‌తో మౌంట్ చేస్తే చాలు. అక్కడే ఉంచేదైతే ఒకసారి అలా మౌంట్ చేసి అన్‌మౌంట్ చేయండి, లాగ్‌లో మిగిలినవి సర్దుకుంటాయి, ఆ తర్వాత ఎక్స్ఎఫ్ఎస్-అడ్మిన్‌కి పెద్ద యూ ఆప్షన్, జనరేట్ అనే మాట ఇస్తే కొత్త నంబర్ వస్తుంది. ఈఎక్స్‌టీ4కి అయితే ట్యూన్2ఎఫ్ఎస్, పెద్ద యూ, రాండమ్. డిస్కుల్ని కలిపి పంచే ఎల్‌వీఎం వాడుతుంటే వీజీఇంపోర్ట్‌క్లోన్ కమాండ్.

ఇది అయ్యేదాకా దయచేసి ఆ మెషీన్ రీబూట్ చేయకండి. క్లోన్ చేసింది ఓఎస్ డిస్కు అయితే రూట్ కోసం వెతికేటప్పుడు ఆ యూయూఐడీ రెండు చోట్ల కనపడుతుంది, ఏది ముందు దొరికితే దాంతో లేస్తుంది, మీరు మూడు నెలల కిందటి సర్వర్‌లో పని చేస్తూ ఉంటారు. ఈఎక్స్‌టీ4లో అయితే మౌంట్ టైంలో ఎక్స్ఎఫ్ఎస్ లాగా అడ్డుకునేది కూడా లేదు. పైన తమ్ముడికి యూయూఐడీ వాడమని చెప్పింది క్లోన్లు లేని చోటికి, క్లోన్లు తిరిగే ఆఫీసులో యూయూఐడీ మార్చడం కూడా క్లోన్ పనిలో భాగంగానే పెట్టుకోవాలి.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి. ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీలకి మారితే ఈ ఎస్‌డీఏ గొడవ పోతుంది, నంబర్లు ఫిక్స్‌డ్‌గా ఉంటాయి అని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? మేము అమెజాన్ క్లౌడ్‌లో కూడా సర్వర్లు నడుపుతాం.

జవాబు: నిజం కాదండీ. ఎన్‌వీఎంఈ0ఎన్1 అంటే సున్నా నంబర్ కంట్రోలర్, దాంట్లో ఒకటో నేమ్‌స్పేస్, అంటే స్టోరేజీలో ఒక విభాగం. ఆ సున్నా కూడా కెర్నల్‌కి దొరికిన వరుసే, రేపు ఒకటి అయిపోవచ్చు. ఇక్కడా బై-ఐడీనో యూయూఐడీనో వాడాల్సిందే.

అమెజాన్‌లో అయితే ఇంకో మెలిక ఉంది. నైట్రో అనే రకం మెషీన్లలో మీరు కన్సోల్‌లో (అమెజాన్ వెబ్ పేజీలో) వాల్యూమ్, అంటే క్లౌడ్ డిస్కు, తగిలించేటప్పుడు ఎస్‌డీఎఫ్ అని ఇస్తారు, లోపల లైనక్స్‌లో చూస్తే అది ఎన్‌వీఎంఈ1ఎన్1 అనో ఇంకోటనో వస్తుంది, రెండు మూడు వాల్యూమ్‌లు ఉంటే ఏది ఏదో పేరు చూసి చెప్పలేం. సైజు చూసి గుర్తుపట్టేవాళ్ళున్నారు, ఒకే సైజువి రెండు ఉన్న రోజు ఆ పద్ధతి చెడుతుంది. దానికి బదులు ఎల్ఎస్‌బీఎల్‌కేలో నేమ్, సైజ్, సీరియల్ కాలమ్‌లు అడగండి, సీరియల్ చోట ఆ వాల్యూమ్ ఐడీనే కనపడుతుంది, కన్సోల్‌లో ఉన్నదాంతో పోల్చి చూసుకోవచ్చు. ఒక్కటే తేడా, కన్సోల్‌లో వాల్ అన్న మూడు అక్షరాల తర్వాత హైఫన్ ఉంటుంది, సీరియల్‌లో ఆ హైఫన్ ఉండదు, కాబట్టి స్క్రిప్టుతో పోల్చేటప్పుడు ముందు హైఫన్ తీసేసి పోల్చండి, లేదంటే సరైన డిస్కు కళ్ళముందే ఉన్నా దొరకలేదనే చెప్తుంది.