పాఠకుల ప్రశ్నలు: తొలి ఏడాదే మెరిసి మరుగైన బేస్‌బాల్ ఆటగాళ్లు

ప్రశ్న: పద్నాలుగేళ్ల మా అబ్బాయి పాఠశాల బేస్‌బాల్ జట్టులో పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు). అమెరికాలో తొలి ఏడాదే గొప్ప పేరు తెచ్చుకుని, రెండు మూడేళ్లలో కనుమరుగైన ఆటగాళ్లు చాలామంది ఉన్నారని చదివాను. పేరు తలకెక్కడం వల్లే అలా అవుతుందని మా ఇంట్లో పెద్దలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కొందరి విషయంలో అదీ ఒక కారణం కావచ్చు గానీ, బాగా తెలిసిన ఉదాహరణలను పరిశీలిస్తే గర్వం కంటే గాయమే ఎక్కువగా కనిపిస్తుంది. డెట్రాయిట్ టైగర్స్ పిచ్చర్ మార్క్ ఫిడ్రిచ్ 1976లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో అమెరికాలో అత్యున్నత స్థాయి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లోకి వచ్చి, 19 విజయాలతో అందులోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. బంతితో మాట్లాడుతూ, మోకాళ్ల మీద కూర్చుని పిచ్చర్ నిలబడే దిబ్బ మీది మట్టిని చేతులతో సర్దే ఆ కుర్రవాణ్ణి చూడటానికే జనం తరలివచ్చేవారు. ఆ సందడి కంటే మీరు గమనించవలసింది మరొకటి ఉంది: అతడు ఆరంభించిన 29 ఆటల్లో 24 ఆటలను చివరిదాకా తానే విసిరాడు. మరుసటి ఏడాది శిక్షణ శిబిరంలో మోకాలు దెబ్బతిన్నది. కోలుకుని వచ్చిన కొద్ది వారాలకే చేతిలో సత్తువ పోయింది. 1977 నుంచి 1980 వరకు అతడు గెలిచినవి మొత్తం 10 ఆటలే. భుజంలోని రొటేటర్ కఫ్ అనే కండరాల పట్టీ చిరిగిందని వైద్యులు గుర్తించేసరికి 1985 వచ్చింది, అప్పటికి అతడు ఆట మానుకున్నాడు కూడా.

క్లీవ్‌లాండ్ బ్యాటర్ జో షార్బొనో 1980లో 23 హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బలు) కొట్టి అదే పురస్కారం అందుకున్నాడు. మరుసటి ఏడాది నడుము దెబ్బతినగా, 1982తో అతడి మేజర్ లీగ్ ఆట ముగిసింది.

అదే క్లీవ్‌లాండ్ జట్టులో 1955లో వెలుగులోకి వచ్చిన పిచ్చర్ హెర్బ్ స్కోర్ కంటికి 1957లో బ్యాటర్ కొట్టిన బంతి బలంగా తగిలింది. అతడి పతనానికి ఆ దెబ్బే కారణమని లోకం చెప్పుకున్నది గానీ, తనను ఆపింది మరుసటి ఏడాది వచ్చిన చేతి గాయమేనని స్కోర్ స్వయంగా చెబుతూ వచ్చాడు. చూసేవారికి నాటకీయమైన కారణమే నచ్చుతుంది. మన వైపు దిష్టి తగిలిందనడం లాంటిదే ఇదీ. మనసు పట్టుతప్పిన సందర్భాలు లేకపోలేదు: సెయింట్ లూయిస్ పిచ్చర్ రిక్ ఆంకీల్ 2000 నాటి ప్లేఆఫ్స్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదుసార్లు గతి తప్పిన బంతులు విసిరి, ఆ తరువాత పిచ్చర్‌గా నిలదొక్కుకోలేకపోయాడు, 2007లో మాత్రం ఔట్‌ఫీల్డర్‌గా (మైదానం వెనుక భాగంలో బంతిని అందుకునే ఆటగాడిగా) తిరిగివచ్చాడు.

కాబట్టి మీ అబ్బాయి వినయం గురించి దిగులుపడే ముందు అతడు విసిరే బంతులను లెక్కపెట్టండి. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ తదితర సంస్థలు రూపొందించిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం, 13–14 ఏళ్ల పిల్లలు రోజుకు 95 బంతులకు మించి విసరకూడదు. 66 లేదా అంతకు మించి విసిరితే నాలుగు రోజుల విశ్రాంతి అవసరం. ఆటగాళ్లు తక్కువగా ఉన్న జట్లలో పిచ్చర్‌నే క్యాచర్‌గానూ (బ్యాటర్ వెనుక ఉండి బంతిని అందుకునే ఆటగాడిగా) నిలబెట్టాలన్న ఆలోచన సులువుగా వస్తుంది. దానినీ ఆ సూచనలు వద్దంటున్నాయని కోచ్‌తో చెప్పండి.