లిస్టులు లిబ్‌లోనా, క్యాష్‌లోనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ముమ్మిడివరం దగ్గర లంక ఊళ్లో మాది జిరాక్స్ షాపు. డెబియన్ 12 (లినక్స్) కంప్యూటర్, ఫోన్ హాట్‌స్పాట్ నెట్. డిస్కు నిండిపోతోంది. ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్, రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) నుంచి తెచ్చుకునే లిస్టులు /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌లో ఎందుకుంటాయి? మళ్లీ దించుకోగలిగినవే కదా, /వార్/క్యాష్‌కి మార్చి నెలకోసారి చెరిపేస్తే నష్టమా?

జవాబు: మీ వాదనలో సగం నిజముంది. /వార్/క్యాష్‌లో ఉన్నది ఎప్పుడు చెరిపినా ప్రోగ్రాం ఏమీ కోల్పోకూడదు, గుర్తుంచుకోవాల్సినవి /వార్/లిబ్‌లో ఉండాలి అన్నది లినక్స్ ఫోల్డర్ల అమరిక ప్రమాణం. ఆ లెక్కన ప్యాకేజీల జాబితాలు క్యాష్ సరుకే. ఫెడోరా లినక్స్‌లో ఆప్ట్ లాంటి డీఎన్‌ఎఫ్ వాటిని అక్కడే పెడుతుంది. ఆర్చ్ లినక్స్‌లోని ప్యాక్‌మ్యాన్ మాత్రం లిబ్‌లోనే.

అయితే ఆప్ట్ లిస్ట్స్‌లో జాబితాలతోపాటు ఇన్‌రిలీజ్ ఫైళ్లూ (రిపాజిటరీ తేదీ, సంతకం ఉన్నవి) ఉంటాయి. కొత్తగా వచ్చిన ఇన్‌రిలీజ్ తేదీ మీ దగ్గరున్నదానికంటే వెనకటిదైతే ఆప్ట్ దాన్ని తీసుకోదు. సంతకం సరిగ్గానే ఉన్న పాత జాబితాను దారిలో ఎవరైనా అంటగట్టి, లోపాలున్న వెర్షన్లనే తాజావని నమ్మించకుండా ఆపే కాపలాల్లో ఇదొకటి. ఫోల్డరంతా చెరిపితే పోల్చుకోవడానికి పాత తేదీయే ఉండదు. అందుకే లిబ్‌లో ఉండటమే సబబు. డెబియన్ 13లో ఉన్న ఆప్ట్-గెట్ డిస్ట్‌క్లీన్ కూడా జాబితాలను తీసేసి రిలీజ్ ఫైళ్లను ఉంచేస్తుంది.

పైగా మీది హాట్‌స్పాట్. మార్పు లేనప్పుడు ఆప్ట్ అప్‌డేట్ కొడితే డెబియన్ 12 ప్రధాన రిపాజిటరీకి ఖర్చయ్యే డేటా 150 కేబీలోపే. చెరిపితే ప్యాకేజెస్ ఫైలు 8 ఎంబీ పైన, ఇంగ్లీషు వివరణలు మరో 6 ఎంబీ మళ్లీ దిగాలి. ర్యామ్‌డిస్కులో (మెమరీలో ఉండే తాత్కాలిక డిస్కు) పెట్టినా ఇదే గతి, ప్రతి రీబూట్‌కీ.

చోటు కోసమైతే ముందు సుడో ఆప్ట్-గెట్ క్లీన్ కొట్టండి. ఆప్ట్-గెట్‌తో ఇన్‌స్టాల్ చేసిన డెబ్ (ప్యాకేజీ) ఫైళ్లు /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో పేరుకుపోతాయి, అసలు బరువు సాధారణంగా అక్కడే. చాలకపోతే /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి లో ఒక ఫైలు పెట్టి, అందులో అక్వైర్::జీజిప్‌ఇండెక్సెస్ "ట్రూ"; అని రాయండి. లిస్టులు కుదించిన రూపంలోనే ఉంటాయి, వెతుకులాట కాస్త నెమ్మదిస్తుంది. ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో చెప్పే ఆప్ట్-ఫైల్ వాడకపోతే తీసేయండి, అది తెచ్చే కంటెంట్స్ ఫైళ్లు పెద్దవి.

అయినా వేరే పార్టిషన్‌కి మార్చాలనుకుంటే డిర్::స్టేట్::లిస్ట్స్ సెట్టింగులో కొత్త దారి ఇవ్వండి. లోపలి పార్షియల్ ఫోల్డర్ (సగం దిగిన ఫైళ్లుండేది), ఆప్ట్ దించడానికి వాడే _ఆప్ట్ యూజర్ పేరు మీద, 700 అనుమతితో ఉండాలి. లేకపోతే రూట్‌గానే (పూర్తి అధికారాలతో) దించుతున్నానని ఆప్ట్ హెచ్చరిస్తుంది.

ప్రశ్న: భీమవరంలో మా కాలేజీ ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటికీ ఒకే లిస్ట్స్ ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో పంచవచ్చా?

జవాబు: వద్దు, ఒకేసారి ఇద్దరు రాయకుండా ఆపే లాక్ ఫైలు దగ్గరే తగువు మొదలవుతుంది. ఒక కంప్యూటర్లో, దించినవి దాచి మిగతావాటికి ఇచ్చే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ వేసి, మిగతావాటికి దాని 3142 పోర్టును అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీగా చూపండి. లిస్టులూ డెబ్‌లూ బయటి నుంచి ఒక్కసారే వస్తాయి. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలు మాత్రం ఇలా నిల్వ కావు.