ఫ్రీ సైట్లు సరే, పిల్లాడికి తోడెవరు? విజయనగరం చెల్లి అడిగినదానికి

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. విజయనగరంలో మూడో క్లాసు సగంలో ఒగ్గేసి జనవరిలో డల్లాస్ వచ్చీసారు, మీ ఆయన ప్రాజెక్టు జూన్‌కి ఇంకో ఊరు మారొచ్చంటున్నారు, అందుకని బాబుని స్కూల్లో వెయ్యకుండా ఇంట్లోనే చెప్పుకుందామని, పైసా ఖర్చు లేకుండా ఆన్‌లైన్లో ఏటేటి దొరుకుతాయో చెప్పమన్నావు. చెప్తాను, కానీ ముందు నా సంగతి విను, నేనూ సరిగ్గా ఇక్కడే మొదలెట్టాను, నాకప్పుడు చెప్పీవాళ్ళే లేరు.

రూల్స్ గురించి రెండు ముక్కలు. టెక్సస్‌లో ఇంటి చదువుకి రిజిస్ట్రేషన్ లేదు, ప్రైవేట్ స్కూలు లెక్కలోకే వస్తుంది, చదవడం, స్పెల్లింగు, గ్రామరు, లెక్కలు, మంచి పౌరుడిగా ఎలా ఉండాలి అన్నవి చెప్పాలి. స్కూల్లో ముందే చేర్చీసుంటే మానిపిస్తున్నామని కాయితం రాసివ్వాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా వెళ్తే కాయితాల పని చాలా ఉంటుంది. జర్మనీలో అయితే ఒప్పుకోనే ఒప్పుకోరు, మా ఆడపడుచుకి ఆ సంగతి అక్కడికెళ్ళాకే తెలిసింది. ఏ స్టేట్‌కెళ్తే ఆ స్టేట్ ఎడ్యుకేషన్ సైటు చూసుకో, అదంతా నేను చెప్పక్కర్లేదు.

మాది నరసన్నపేట దగ్గర. 2016లో అమెరికా వచ్చాం, అప్పటికి మావాడికి ఏడేళ్ళు. రెండేళ్ళలో మూడు ఊర్లు మారాం. నాకు ఉద్యోగం చేసుకునీ వీలు లేదు, ఒక్క జీతం, అందుకే నేనే టీచర్ని అయిపోదామనుకున్నాను. మొదట ఒక కంపెనీ వాళ్ళు మొత్తం ఏడాది సిలబస్ అని చెప్పి అమ్మితే ఆరొందల డాలర్లు పెట్టి కొనీసాను. తీరా చూస్తే అందులో ఉన్న లెక్కలన్నీ ఖాన్ అకాడమీ అనీ సైట్లో ఊరికే ఉన్నాయి, వీడియో చూడ్డం, ఎక్సర్‌సైజులు చెయ్యడం, తప్పు ఎక్కడొచ్చిందో కూడా అదే చూపిస్తుంది. ఆ డబ్బులకి అప్పట్లో రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆరొందలు పెద్ద నష్టం కాదు, నిజం నష్టం తర్వాత జరిగింది.

ఆ కోపంతో ఫ్రీవి వెతకడం మొదలెట్టాను. సైన్సుకి కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలెట్టింది, కరెంటు సర్క్యూట్లు, త్రాసులు అన్నీ స్క్రీన్ మీద పిల్లలే కదుపుకోవచ్చు. టెక్స్ట్‌బుక్కులకి సీకే-12. ఇంగ్లీషు కథలకి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, అవే వినాలంటే లిబ్రివాక్స్. ప్రోగ్రామింగ్‌కి ఎంఐటీ వాళ్ళ స్క్రాచ్. అన్నీ ల్యాప్‌టాప్‌లో వరసగా పెట్టి, పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా టైంటేబుల్ గీసి గోడకి అంటించీసాను. వాడు బుద్ధిగా కూర్చునీవాడు, ఒకదాని తర్వాత ఒకటి పాఠాలు పూర్తి చేసీసీవాడు. నేను వంట చేసుకుంటూ, మా గుంటడు ఎంత బాగా చదువుకుంటున్నాడో అని అమ్మకి ఫోన్లో చెప్పీదాన్ని.

ఒకరోజు వంటింట్లోంచి వింటే లోపల వాడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. వీడియోలో భిన్నాలు చెప్తున్న ఆయనకి, "యెస్, అర్థమైంది, ఇంకోటి అడుగు" అంటున్నాడు. అని ఊరుకోలేదు, ఆయన ఏటంటాడో అని స్క్రీన్ వంక చూస్తున్నాడు. ఆయన తన మానాన తను బొమ్మ గీసుకుంటూ పోయాడు. అప్పుడు లెక్కేసుకున్నాను చెల్లీ, ఆ వారంలో సోమవారం నుంచి గురువారం వరకు వాడు నాతోనూ వాళ్ళ నాన్నతోనూ తప్ప ఒక్క మనిషితో మాట్లాడలేదు. మా ఊర్లో అయితే వీధరుగు మీద కూర్చుంటే చాలు, పొద్దున్నకల్లా ఇరవై మంది పలకరించీవాళ్ళు. నా సంగతీ అంతే, నేను మాత్రం ఎవరితో మాట్లాడాను గనక. ఆ మధ్యాహ్నం టైంటేబుల్ గోడ మీంచి పీకీసాను.

ఇప్పుడొస్తున్న మీరంతా సైట్ల లిస్టు ఉంటే చాలు పని అయిపోతుందనుకుంటారు. లిస్టు పది నిమిషాల్లో దొరుకుతుంది. నేను ఆ రోజు నుంచి ప్రతి సైటులోనూ ఒకటే చూస్తున్నాను, దీని ముందు ఇద్దరు కూర్చోగలరా లేదా. గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీకాకుళం వైపు మనిషే కదా, అంత పండితుడు కూడా సవర భాష నేర్చుకోడానికి ఆ భాష మాట్లాడీ మనిషిని ఇంట్లో ఉంచుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఒంటరిగా తెరతో ఎలా అవుతుంది చెప్పు.

అందుకని నేను చేసింది ఏటంటే, మా నాన్న రిటైర్డు టీచరు. మన ఆంధ్రా స్కూలు బుక్కుల పీడీఎఫ్‌లు, ఆ బుక్కులు తయారుచేసీ ఎస్సీఈఆర్టీ వాళ్ళవి ఊరికే దొరుకుతాయి, గవర్నమెంటు వాళ్ళ దీక్ష యాప్‌లో కూడా బుక్కు మీద క్యూఆర్ కోడ్ కొడితే పాఠం వస్తుంది. నేను ఇక్కడ పీడీఎఫ్ తెరిస్తే నాన్న శ్రీకాకుళం బజార్లో అదే బుక్కు కొనుక్కుని దగ్గర పెట్టుకునీవారు. ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ పొద్దున్న ఆరున్నర. నలభై నిమిషాలు తాతా మనవడూ తెలుగు, లెక్కలు. పాఠం పావుగంటే జరిగీది, మిగతాదంతా పొలంలో ఏటేసారు, కుక్క పిల్లలు ఎన్ని పెట్టింది, వంశధారలో నీళ్ళు ఎంతొచ్చాయి, ఇవే కబుర్లు. అదీ చదువే, నువ్వు మధ్యలో వెళ్ళి పాఠం పాఠం అని అడ్డుపడకు. ఇప్పుడు ఇంకా సులువు, 2020 తర్వాత వచ్చిన బుక్కుల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ అదే ఇంగ్లీషు, నీ కొడుకు ఇంగ్లీషు వైపు చూస్తే మీ అత్తగారు తెలుగు వైపు చూస్తారు.

కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ చూడు, తెలుగులో బొమ్మల కథలు బోలెడు, ఒకటో లెవెల్ నుంచి ఉంటాయి, ప్రింట్ తీసుకున్నా ఏటీ అనరు. అమ్మ అక్కడ చదివీది, వీడు ఇక్కడ బొమ్మలు చూసీవాడు. స్క్రాచ్ కూడా ఒంటరిగా వద్దు. మా అన్నయ్య కొడుకు విజయనగరంలో ఒక ఆట తయారుచేసి పెడితే మావాడు దాన్నే రీమిక్స్ చేసి మార్చి పెట్టీవాడు, మళ్ళీ వాడు మార్చీవాడు. ఇద్దరూ కలిసి మన పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం ఆట ఒకటి చేసారు, సిరిమాను కదలాలంటే స్పేస్ బార్ కొట్టాలి. ఖాన్ అకాడమీ చేసినప్పుడు మాత్రం నేను పక్కన కుర్చీ వేసుకుని, నాకు రానట్టు, "ఇదెలా వచ్చింది నాన్నా, నాకు చెప్పు" అనీదాన్ని. వాడు నాకు చెప్పడం మొదలెట్టాకే వాడికి నిజంగా వచ్చింది. లండన్ వైపు ఉన్న మనవాళ్ళు అడిగితే ఓక్ నేషనల్ అకాడమీ, బీబీసీ బైట్‌సైజ్ చూసుకోమను, వాళ్ళ సిలబస్‌కి అవి సరిపోతాయి.

ఇంకో పొరపాటు చెప్తాను. ఏడు నెలలు లైబ్రరీకి వెళ్ళలేదు నేను. నా ఇంగ్లీషుకి ఎవరైనా ఏటనుకుంటారో అని మొహమాటం. వెళ్ళాక అద్దె అగ్రిమెంటు చూపిస్తే కార్డు ఇచ్చీసారు, లిబ్బీ యాప్‌లో ఆ కార్డు నెంబరు కొడితే ఫోన్లోకే పుస్తకాలు. దానికన్నా ముఖ్యం, అక్కడ హోమ్‌స్కూలు పిల్లలకి వారానికో రోజు పగటిపూట ఏదో ఒకటి పెట్టీవారు. మొదటి వారం మావాడు నా చున్నీ వెనకే నిలబడ్డాడు. మూడోవారం ఒక మెక్సికో పిల్లాడు చదరంగం బల్ల ముందుకి చెయ్యి పట్టి లాక్కెళ్ళాడు. వాళ్ళమ్మకీ ఇంగ్లీషు నాలాగే. నేను జంతికలు పట్టుకెళ్ళాను, ఆవిడ మొక్కజొన్న పొత్తులు తెచ్చింది. ఆవిడ ఇప్పటికీ నా స్నేహితురాలే. పేరెంట్స్ కలిసి నడుపుకునీ కో-ఆప్ గ్రూపులు కూడా ఉంటాయి, కొన్ని ఫీజు తీసుకుంటాయి, కొన్ని చర్చి వాళ్ళవి, చేరేముందు సంతకం పెట్టమని మత విశ్వాసాల కాయితం ఇస్తాయి, చదివి నీకు నచ్చితేనే పెట్టు.

నీ సంగతీ చూసుకోవాలి చెల్లీ. పిల్లాడు పడుకున్నాక ఆ అపార్ట్‌మెంట్లో రాత్రిపూట ఫ్రిజ్జు చప్పుడు తప్ప ఏదీ వినపడదు, నాకు తెలుసు. కథలు రాసిన కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావుగారు, 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ, కథానిలయం ఉంది కదా, ఆ కథలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు, డబ్బులక్కర్లేదు. మన వైపు మాటలు చదువుతుంటే ఇంట్లో ఎవరో మనవాళ్ళు కూర్చున్నట్టుంటుంది. ఆ రెండేళ్ళూ నన్ను నిలబెట్టినవి అవే.

మావాడు ఆరో క్లాసులో మామూలు స్కూల్లో చేరితే టెస్టు పెట్టి పై లెవెల్ లెక్కల్లో వేసారు, తాతతో పెరిగిన తెలుగు ఎక్కడా పోలేదు, ఉత్తరం రాయగలడు. నేను చెయ్యగలిగానంటే నువ్వూ చేస్తావు, డిగ్రీ చదివినదానివి.

అన్నిటికంటే ముందు రేపు లైబ్రరీకెళ్ళు, బాబుని తీసుకునే వెళ్ళు. తర్వాత విజయనగరం ఫోన్ చేసి మీ మావగారికి ఒక టైం చెప్పు. మార్చిలోనూ నవంబరులోనూ ఇక్కడ గడియారాలు గంట మారుస్తారు, అది మాత్రం ముందురోజే చెప్పీయ్. మొదటి ఏడాది నేను చెప్పడం మర్చిపోయాను, నవంబరులో మా నాన్న ఆరున్నరకే బుక్కు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఏడున్నర దాకా వరండాలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు.