‘ఫీట్’ అన్న మాట ఎక్కడ వాడాలంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఈతగత్తె ఆరతీ సాహా మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం చదివాను. బాగా రాశావు. కానీ ‘ఫీట్’ అన్న మాట కనబడ్డ చోటల్లా వాడేశావు. స్కూల్లో పతకం వచ్చినా ఫీటే, పద్మశ్రీ వచ్చినా ఫీటే అంటే ఆ మాటకి బరువు పోతుందమ్మా.

పతకానికి ‘అచీవ్‌మెంట్’ చాలు. అసాధారణమైన బలమో, గుండెధైర్యమో, నేర్పో ఉంటే తప్ప జరగని పనిని ఫీట్ అంటారు. ఆరతి 1959 ఆగస్టులో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న సముద్రపాయ ఇంగ్లిష్ ఛానెల్‌ని ఈదబోయి గమ్యం చేరలేకపోయింది. అయినా పట్టు వదలక సెప్టెంబరులో మళ్ళీ దిగి, 16 గంటల 20 నిమిషాలు ఈది ఒడ్డెక్కింది. అప్పటికామెకి పందొమ్మిదేళ్లే. చన్నీళ్లు, ఎదురు ప్రవాహాలు తట్టుకుని అంతసేపు చేతులాడించడం, అదీ ఫీట్. మరుసటి ఏడు వచ్చిన పద్మశ్రీ ఆ పనికి దక్కిన గౌరవం. గౌరవాన్ని ఫీట్ అనకూడదు, ఆ వాక్యం మార్చు.

‘డిడ్ ఎ ఫీట్’ అని రాశావు, చెవికి పొసగదు. ‘పెర్ఫార్మ్‌డ్’ అనో ‘అచీవ్డ్’ అనో రాయి. ఒకరు చేసిందే ఇంకొకరు చేస్తే ‘రిపీటెడ్ ది ఫీట్’ అంటారు. టెస్టు ఇన్నింగ్స్‌లో పదికి పది వికెట్లు 1956లో జిమ్ లేకర్ తీస్తే, 1999లో అనిల్ కుంబ్లే ఆ ఫీట్ రిపీట్ చేశాడు. పనామా కాలువలాంటి కట్టడాలకైతే ‘ఫీట్ ఆఫ్ ఇంజినీరింగ్’ అంటారు.

‘నో మీన్ ఫీట్’ అని చదివి కంగారుపడకు. అక్కడ ‘మీన్’ అంటే అల్పమైన అని. మొత్తం కలిపితే మనం ‘ఆషామాషీ పని కాదు’ అంటామే, అదే. మెచ్చుకోలే.

స్పెల్లింగ్ చూసుకో: ఎఫ్, ఇ, ఎ, టి. రెండు ‘ఇ’లు పెడితే పాదాలైపోతాయి, పలికేది ఒకేలా కాబట్టి వింటే తేడా తెలియదు.

దీన్నే తెలుగులో రాసేటప్పుడు ‘ఘనకార్యం’ అనకు. ‘పెద్ద ఘనకార్యం చేశావులే’ అని దెప్పిపొడవడానికి వాడీ వాడీ ఆ మాటకి వెటకారం అంటుకుంది. ఆరతి విషయంలో ‘సాహసం’ అను, నిండుగా ఉంటుంది.

రెండో పేరా సరిచేశాక పంపు, చూస్తాను.