1.95 దగ్గర ఆగినవాళ్లు

తమ్ముడూ,

నువ్వు పంపిన హైజంప్ వ్యాసం నిదానంగా చదివాను. 1948 లండన్ ఒలింపిక్స్‌ని ఎంచుకున్నందుకు ముందుగా సంతోషం. క్రికెట్ కాకుండా మరో ఆట గురించి తెలుగులో ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ. నీ చెయ్యి బాగుంది కాబట్టే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

వ్యాసమంతా జాన్ వింటర్ చుట్టూనే తిరిగింది. జులై 30న వెంబ్లీ స్టేడియంలో ఈ ఆస్ట్రేలియా కుర్రాడు 1.98 మీటర్లు దాటి స్వర్ణం గెలిచాడు. నిజమే. కానీ ఫలితాల పట్టిక మళ్లీ ఒకసారి ముందు పెట్టుకో. రెండోవాడు నార్వేకి చెందిన పాల్సన్, 1.95. మూడోవాడు అమెరికాకి చెందిన జార్జ్ స్టానిచ్, 1.95. నాలుగోవాడు డ్వైట్ ఎడిల్‌మన్, ఇతనూ అమెరికావాడే. ఐదోవాడు ఫ్రాన్స్‌కి చెందిన దామిషియో. వీళ్లిద్దరిదీ కూడా 1.95. నలుగురూ ఒకే ఎత్తు దాటారు. ఒకరికి రజతం, ఒకరికి కాంస్యం, మిగిలిన ఇద్దరికీ ఏమీ రాలేదు. ఈ సంగతంతా నువ్వు ‘మిగతావారు వెనుకబడ్డారు’ అన్న ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు మనసు చివుక్కుమన్నది అక్కడే.

ఎలా తేలిందో పాఠకుడికి చెప్పాలి కదా! ఒక్కో ఎత్తుకి మూడు ఛాన్సులు. మొదటిసారే దాటినవాడూ, రెండుసార్లు బార్ పడేసి మూడోసారి దాటినవాడూ అప్పటికి సమానమే, ఇద్దరూ పై ఎత్తుకి వెళ్తారు. చివర్లో టై అయితే మాత్రం పాత తప్పులన్నీ లెక్కలోకి వస్తాయి. అంటే ఎడిల్‌మన్ చేతిలోంచి పతకం జారింది 1.98 దగ్గర కాదు. అక్కడ నలుగురూ ఒకేలా ఆగిపోయారు. అంతకు ముందే, ఎవరూ పెద్దగా పట్టించుకోని జంప్‌లలో జారిపోయింది. బార్ పడినప్పుడు, మరో ఛాన్సు ఉందిలే అనే అందరూ అనుకుంటారు. ఆటల మీద రాసేవాడి కన్ను ఉండాల్సింది అక్కడ. చివరి జంప్‌ని రేడియో, పేపరు ఎలాగూ వదలవు. దాని ముందు ఏం జరిగిందో వెతికి చెప్పడానికే నీలాంటివాడు కావాలి.

ఇక వింటర్ నడుము నొప్పి. పోటీ మధ్యలో నడుము పట్టేసినా ఇంకొక్కసారి ఎగిరి గెలిచాడంటారు. ఆ ఒక్క మాట చాలు. నువ్వేమో అతని మనసులోకి దూరి రెండు పేరాలు ఆలోచనలు రాశావు. తల్లి గుర్తొచ్చిందన్నావు, దేశం గుర్తొచ్చిందన్నావు. నీకెలా తెలుసు? అతను చెప్పని మాటల్ని అతని నోట్లో పెట్టే హక్కు మనకి లేదు, ఎంత ప్రేమతో పెట్టినా సరే.

‘మెత్తటి పరుపు మీద వాలాడు’ అన్న వాక్యం వెంటనే తీసెయ్. అప్పట్లో పరుపుల్లేవు, పడేది ఇసుక గుంటలో. వెల్లకిలా పడితే మెడ విరగొచ్చు. ఆ రోజుల జంప్ పద్ధతుల్లో ఆ భయం కనిపిస్తుంది. వింటర్‌ది ఈస్టర్న్ కటాఫ్ అనే పాత పద్ధతి. కత్తెరలా కాళ్లు ఆడిస్తూ, బార్ మీద ఒళ్లు పడుకోబెట్టినట్టు చదును చేసి, మళ్లీ కాళ్ల మీదే దిగాలి. ఇప్పుడు టీవీలో మనం చూసే, వీపు బార్ వైపు పెట్టి ఎగిరే పద్ధతితో ఫాస్‌బరీ గెలిచింది 1968లో, మెక్సికోలో. నువ్వు ఆ దృశ్యాన్ని తెచ్చి 1948లో పెట్టావు. కింద ఇసుక ఉందని పాఠకుడికి తెలిస్తే ఒక్కో జంప్ చదువుతున్నప్పుడు టెన్షన్ అదే వస్తుంది, నీ విశేషణాలు అక్కర్లేదు.

ఇంకొకటి. 1.98 పెద్ద ఎత్తు కాదని నువ్వే సంజాయిషీ ఇచ్చుకున్నావు. 1936లో బెర్లిన్‌లో జాన్సన్ 2.03 దాటాడు, 1941 నాటికే ప్రపంచ రికార్డు 2.11. ఆ లెక్కన తక్కువే. కానీ మధ్యలో యుద్ధం వచ్చి 1940, 1944 ఒలింపిక్స్ రెండూ రద్దయ్యాయి. ఆటగాళ్లలో ఎందరికో మంచి వయసు అలాగే గడిచిపోయింది. 1948కి కూడా బ్రిటన్‌లో తిండికి రేషనే. ఈ సంగతులు చెప్పి, ఆ తర్వాత అంకె వెయ్యి. అప్పుడు ఆరున్నర అడుగులంటే ఏమిటో పాఠకుడే అర్థం చేసుకుంటాడు.

అదే రోజు అదే మైదానంలో ఎమిల్ జాటోపెక్ 10,000 మీటర్ల పరుగు గెలిచాడు. నీ వ్యాసంలో ఆ ప్రస్తావన బాగుంది, ఉంచు. కానీ ఒక వాక్యం దాటనివ్వకు.

ఈసారి రాసేటప్పుడు ఎడిల్‌మన్‌కి కనీసం ఒక పేరా ఇవ్వు. ఇల్లినాయ్ యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, హైజంప్ మూడూ ఆడినవాడు, తర్వాత అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ ఆడాడు. రజతం తెచ్చుకున్నవాడు ఎంత ఎత్తు దాటాడో ఇతనూ అంతే దాటాడు. రాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య