ట్రియోతో పాడిన జాజ్ లైవ్ ఆల్బమ్‌లో ప్రత్యేకంగా ఏం వినాలి?

అమెరికన్ జాజ్ గాయని సారా వాన్ ట్రియోతో, అంటే ముగ్గురు వాద్యకారులతో పాడిన ‘ఎట్ మిస్టర్ కెల్లీస్’ ఆల్బమ్ వినండి. 1957 ఆగస్టులో షికాగోలోని రష్ స్ట్రీట్‌లో ఉన్న మిస్టర్ కెల్లీస్ అనే నైట్‌క్లబ్‌లో రికార్డు చేశారు. పియానో జిమ్మీ జోన్స్, బేస్ రిచర్డ్ డేవిస్, డ్రమ్స్ రాయ్ హేన్స్. అంతే, ముగ్గురే.

పెద్ద ఆర్కెస్ట్రా ఉంటే రాసిపెట్టిన నోట్స్ ప్రకారం గాయని పోవాలి. ట్రియోలో ఆ బంధం తక్కువ. ఆమె ఒక మాటను సాగదీసినా, తాళానికి కాస్త వెనకగా పాడినా వాళ్లు విని సర్దుకుంటారు. మన కచేరీలో మృదంగం గాత్రాన్ని కనిపెట్టుకుని నడిచినట్టే అనుకోండి (పోలిక అంతవరకే, పద్ధతులు వేరు). జోన్స్ తక్కువ స్వరాలతో కార్డ్‌లు (chords, ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వేసి ఊరుకుంటాడు. ఆ ఖాళీలోనే ఆమె గొంతు కింది స్థాయి నుంచి పైకి ఎలా జారుతుందో స్పష్టంగా తెలుస్తుంది. సారా స్వయంగా పియానిస్టు; 1943లో జాజ్ పియానిస్టు ఎర్ల్ హైన్స్ బృందంలో పాడుతూ రెండో పియానో కూడా వాయించింది. అందుకే ఆమె ఎంచుకునే స్వరాలు అంత వింతగా, అంత కచ్చితంగా ఉంటాయి.

నాకు బాగా నచ్చేది ‘విల్లో వీప్ ఫర్ మి’. మధ్యలో సాహిత్యం తప్పుతుంది. ఆపకుండా, తప్పిపోయానన్న సంగతినే అదే బాణీలో పాడేస్తుంది. స్టూడియోలో అయితే ఆ టేక్ చెత్తబుట్టలో పడేది. ఇక్కడ ఉంచేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ఆ పాటే వినండి.