‘రన్’ అంటే పరుగేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. ‘మై అంకుల్ రన్స్ ఎ హోటల్’ అన్న వాక్యానికి ‘మా మామయ్య హోటల్‌ను పరుగెత్తిస్తాడు’ అని తెలుగు రాశాడు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం గానీ, ‘రన్ అంటే పరుగే కదా, తప్పెక్కడుంది?’ అని వాడు అడిగితే సరిగా చెప్పలేకపోయాను. వివరించగలరు. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే. బడిలో మొదట నేర్పే అర్థం పరుగే గనుక వాడు దాన్నే పట్టుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి కూర్పులో ఎక్కువ అర్థాలున్న క్రియ ‘సెట్’ కాగా, ఆ తరువాతి సవరణల్లో 2011 నాటికి 645 అర్థాలతో ‘రన్’ దాన్ని దాటిపోయింది. అవన్నీ తెలిసినవారు ఇంగ్లీషువారిలోనూ ఉండరు కాబట్టి, పిల్లవాణ్ణి బెదరగొట్టనక్కరలేదు.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు ‘పారు’ అన్న అర్థం కూడా ఉండేది. ఆగకుండా సాగడమన్న ఆ భావాన్ని మనసులో ఉంచుకుంటే చాలా వాడుకలు వాటంతటవే తేలికపడతాయి. నదికీ, విప్పిన కుళాయికీ, జలుబు చేసిన ముక్కుకీ ఇంగ్లీషులో ‘రన్’ ఒక్కటే చాలు. మనకు మాత్రం నది పారుతుంది, కుళాయిలో నీళ్లు వస్తాయి, ముక్కు కారుతుంది. తొలి ఉతుకులో చీర రంగు దిగిపోవడమూ వారికి ‘రన్’ కావడమే.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు చాలాసార్లు నడుస్తుంది. హోటలును, బడిని, చివరికి సంసారాన్ని కూడా మనం నడుపుతాం; బస్సు అరగంటకొకటి చొప్పున నడుస్తుంది; సినిమా మాత్రం వంద రోజులు ఆడుతుంది. కనుక మీవాడి వాక్యం ‘మా మామయ్య హోటల్ నడుపుతున్నారు’ అని ఉండాలి. ‘నడుపుతారు’ అన్నా తప్పు లేదు గానీ, జీవనోపాధి గురించి చెప్పేటప్పుడు మన నోట ‘నడుపుతున్నారు’ అనే వస్తుంది.

పక్కన చిన్న మాట చేరితే అర్థం మరీ మారుతుంది. ‘వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ అంటే బియ్యం అయిపోయాయని. ఇంట్లో ‘లేవు’ అనడం అశుభమని మన పెద్దవాళ్లు ‘నిండుకున్నాయి’ అంటారే, సరిగ్గా అదే సందర్భం. ‘ఐ రాన్ ఇంటు మై టీచర్’ అంటే మాస్టారిని గుద్దానని కాదు, అనుకోకుండా ఎదురుపడ్డారని. అదే మాట కారుకూ చెట్టుకూ మధ్య వస్తే గుద్దడమే.

ప్రశ్న: అమెరికా వార్తల్లో ‘షి ఈజ్ రన్నింగ్ ఫర్ మేయర్’ అని విన్నాను. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ‘ఆమె మేయర్ పదవికి పోటీ చేస్తున్నారు’ అని చెప్పండి. ఎన్నికలకు అమెరికాలో ‘రన్’ అంటారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు, మన దేశపు ఇంగ్లీషు పత్రికలు ‘కంటెస్ట్’ అని రాస్తాయి. ‘ఎన్నికల్లో నిలబడ్డారు’ అనే మన మాట బ్రిటన్ వాడుకకు దగ్గర. ‘మేయర్ రేసులో’ అని మన పత్రికలు రాస్తున్నా, ఇంకా పార్టీ టికెట్టే దక్కనివారికీ ఆ మాట వాడుతుంటారు గనుక, బరిలో దిగిన అభ్యర్థికి ‘పోటీ’యే సరైన మాట.